నడుంలో స్క్రూలు వేస్తామన్నారా? ఆ మాట విన్న రోజు నుంచి ఏడాది దాకా ఏం చేయాలి

మా అమ్మకి రెండోసారి నడుం ఆపరేషను అవసరమైనప్పుడు కొత్త డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "లోపల ఉన్న స్క్రూలు ఏ కంపెనీవండీ?" మా దగ్గర జవాబు లేదు. మొదటి ఆపరేషను నాటి డిశ్చార్జి కాగితంలో "4 స్క్రూలు, 2 రాడ్లు వేయడమైనది" అని ఒక్క ముక్క ఉంది. ఆ పాత ఆసుపత్రికి వెళ్లి అడిగితే రికార్డులు దొరకడం లేదన్నారు. స్క్రూ తల మీద ఉండే గాడి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. దానికి సరిపడే డ్రైవరు చేతిలో లేకుండా స్క్రూ విప్పడం సర్జనుకు చాలా కష్టం. నాలుగైదు రకాల పనిముట్ల సెట్లు తెప్పించేదాకా ఆపరేషను పదకొండు రోజులు వాయిదా పడింది. అన్ని రోజులూ అమ్మ అంబాజీపేట పక్కన మా ఇంట్లో ఒకే పక్కకు తిరిగి పడుకుంది. అటు తిరిగితే కాలు లాగేసేది.

అప్పుడు అడిగి తెలుసుకున్నవీ, ఆ తర్వాత మా వీధిలో మరో ముగ్గురికి తోడుగా వెళ్లి చూసినవీ వరసగా రాస్తున్నాను. ఊడ్పుల్లో వంగి వంగి, కొబ్బరి వలుపులో ఒళ్లు మెలితిప్పి, రొయ్యల చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్న వాళ్లు మన డెల్టాలో వీధికొకరున్నారు. వాళ్లకీ, వాళ్లతో ఆసుపత్రికి వెళ్లే కొడుకులకీ కూతుళ్లకీ పనికొస్తుందని.

మోసేది ఎముకే, లోహం కాదు

ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. స్లాబు వేసేటప్పుడు కింద సరుగుడు బాదులు నిలబెట్టి సెంట్రింగు కడతారు కదా. కాంక్రీటు గట్టిపడేదాకా బరువంతా ఆ బాదులదే. గట్టిపడ్డాక వాటితో పని లేదు. నడుంలో స్క్రూలు, రాడ్లు చేసేది కూడా ఆ బాదుల పనే. రెండు వెన్నుపూసలను కదలకుండా బిగించి పట్టుకుంటాయి. ఈలోగా మధ్యలో కొత్త ఎముక పెరిగి రెండు పూసలూ ఒకే ఎముక అవ్వాలి. దాన్నే ఫ్యూజన్ అంటారు. కాకపోతే బాదుల్ని తీసేస్తారు, స్క్రూలను ఇబ్బంది పెట్టనంత కాలం లోపలే ఉంచేస్తారు.

ఈ ఆపరేషను పుట్టిన రోజుల్లో అసలు లోహమే లేదు. 1911లో న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ అనే ఇద్దరు సర్జన్లు ఎవరికి వారుగా, వెన్ను క్షయ వచ్చిన రోగులకు ఎముకతోనే పూసలను అతికించారు. ఇప్పుడు మనకు వేసే రకం పెడికిల్ స్క్రూలను ఫ్రాన్సులో రోయ్-కామీ అనే సర్జను 1963లో వాడడం మొదలుపెట్టారు. మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి. రోగిని నెలల తరబడి పట్టీల్లో పడుకోబెట్టకుండా త్వరగా లేపి నడిపించడానికీ, ఎముక అతుక్కునే అవకాశం పెరగడానికీ స్క్రూలు వచ్చాయి.

మరి ఎముక అతుక్కోకపోతే? ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఏదో ఒక రోజు పుటుక్కున తెగుతుంది. నడుంలో రాడ్డు కూడా అంతే, టైటానియం అయినా సరే. లేదంటే స్క్రూ ఎముకలో వదులై ఊగుతుంది. మా అమ్మకి జరిగింది అదే. కాబట్టి "ఏ కంపెనీ స్క్రూ మంచిది" అని పదిమందినీ అడిగేకంటే "మా ఎముక అతుక్కోవడానికి ఏం చేయాలి" అని అడగండి.

మొదటి పని: అసలు అవసరమా అని అడగడం

ఎంఆర్ఐ రిపోర్టులో "డిస్కు బల్జ్", అంటే రెండు పూసల మధ్య ఉండే మెత్త ఉబ్బింది, అని ఉన్నంత మాత్రాన స్క్రూలు అక్కర్లేదు. యాభై దాటిన వాళ్లలో నొప్పే లేని చాలామందికి కూడా ఆ మాట రిపోర్టులో కనిపిస్తుంది. డిస్కు జారి కాల్లోకి నొప్పి దిగినా, ఎక్కువమందికి కొన్ని వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గిపోతుంది. తగ్గక ఆపరేషను చేయాల్సి వచ్చినా, జారిన ముక్కను మాత్రం తీసేస్తే సరిపోయే కేసులే ఎక్కువ. వాటికి లోహంతో పని లేదు.

స్క్రూలు సాధారణంగా ఎప్పుడు వేస్తారంటే, ఒక పూస కింద పూస మీద ముందుకు జారి కదులుతున్నప్పుడు. దీన్ని స్పాండిలోలిస్థెసిస్ అంటారు. నడుంలో ఐదు పూసలుంటాయి, ఎల్1 నుంచి ఎల్5 దాకా. దాని కింద ఎస్1. ఎక్కువగా చెడేది ఎల్4-ఎల్5 దగ్గర, ఎల్5-ఎస్1 దగ్గర. పూస విరిగినా, క్షయతో గానీ గడ్డతో గానీ తినేసినా, నరాల మీద ఒత్తిడి తీయడానికి ఎముక ఎక్కువ తొలగించాల్సి వచ్చి పూస నిలకడ పోయేలా ఉన్నా వేస్తారు.

డాక్టరు గారిని ఇలా అడగండి: "నరం మీద ఒత్తిడి తీస్తే సరిపోదా? ఫ్యూజన్ కూడా ఎందుకు?" ఇది తలబిరుసు ప్రశ్న కాదు. డాక్టర్ల మధ్యే ఎడతెగని చర్చ ఇది. 2016లో ఒకే వైద్య పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలు అచ్చయ్యాయి. నరాల దారి ఇరుకైన రోగుల్లో, కొందరికి పూస జారి ఉన్నా సరే, ఫ్యూజన్ కలిపినందువల్ల రెండేళ్ల తర్వాత అదనపు లాభం కనిపించలేదని స్వీడన్ వాళ్లు తేల్చారు. పూస జారిన వాళ్లలో కొంత లాభం ఉందని అమెరికా వాళ్లు చూపించారు. కాబట్టి మీ విషయంలో కారణమేమిటో డాక్టరు గారు బొమ్మ చూపించి చెప్పగలగాలి.

ఆ బొమ్మ ఎంఆర్ఐ ఒక్కటే కాకూడదు. ఎంఆర్ఐ పడుకోబెట్టి తీస్తారు. పడుకుంటే జారిన పూస కొంత వెనక్కి సర్దుకోవచ్చు. నిలబడి ముందుకు వంగినప్పుడు ఒకటి, వెనక్కి వాలినప్పుడు ఒకటి ఎక్స్‌రే తీస్తే పూస ఎంత కదులుతుందో బయటపడుతుంది. చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష. అది తీయకుండానే స్క్రూల మాట వస్తే, తీయించమని మీరే అడగండి.

ఇంకో సర్జను అభిప్రాయం తీసుకోండి. మన వాళ్లు కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, భీమవరంలో చూపించుకుని, ఆపైన విశాఖకో విజయవాడకో హైదరాబాదుకో వెళతారు. ఎక్కడికి వెళ్లినా మొదటి డాక్టరు ఏం చెప్పారో ముందే చెప్పకండి. ఫిల్ములు చూపించి, బాధ చెప్పి, ఆయన మాట విన్నాక అప్పుడు చెప్పండి.

ఇవన్నీ నిదానంగా చేయడానికి వీల్లేని సందర్భం ఒకటుంది. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మలం పట్టు తప్పినా, సైకిలు సీటు తగిలే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవక ఈడుస్తూ నడుస్తున్నా ఆ రోజే ఆసుపత్రిలో ఉండాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షనుతో తెల్లారేదాకా ఆగకండి. లంక గ్రామాల వాళ్లు పంటు ఆగిపోయాక దారేమిటో ముందే అనుకుని ఉంచుకోవాలి.

రెండో పని: లోపల పెట్టే వస్తువుల పేర్లు తెలుసుకోవడం

ఒక్క అంతరానికి, అంటే ఎల్4-ఎల్5 లాంటి ఒక జత పూసలకు, మామూలుగా నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు, నాలుగు బిగింపు మూతలు, ఒకటో రెండో కేజ్‌లు. రెండు అంతరాలకైతే ఆరు స్క్రూలు. బిల్లు చూసేటప్పుడు ఈ లెక్క గుర్తుంటే చాలు, సగం సందేహాలు తీరతాయి.

పెడికిల్ స్క్రూ అంటే పూస వెనక భాగం నుంచి ముందు భాగంలోకి వెళ్లే ఎముక కాడలో నుంచి దించే స్క్రూ. నడుంలో వాడేవి సుమారు 5.5 నుంచి 7.5 మిల్లీమీటర్ల లావు, 35 నుంచి 55 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. సైజు మీ ఎముకను బట్టి సర్జను నిర్ణయిస్తారు, మనం అడిగేది కాదు. స్క్రూ తల అన్ని వైపులా వాలేలా ఉండే రకాన్ని పాలీయాక్సియల్ అంటారు, ఎక్కువగా వాడేది అదే. రెండు స్క్రూల తలల్లోంచి రాడ్డు పోతుంది. దాని మీద మూత బిగిస్తారు.

"లోపల తుప్పు పట్టదా?" అని మా పెద్దమ్మ అడిగింది. సముద్రపు గాలికి కిటికీ చువ్వలు రాలిపోవడం చూస్తూ బతికే వాళ్లకి ఆ భయం సహజం. స్క్రూలు ఎక్కువగా టైటానియం మిశ్రమంతో చేస్తారు. అందులో కొంచెం అల్యూమినియం, వనేడియం కలుస్తాయి. గాలి తగలగానే టైటానియం మీద పలచటి ఆక్సైడు పొర ఏర్పడి, ఒంట్లోని ఉప్పునీరు లోపలికి పోకుండా కాపలా కాస్తుంది. రాడ్లు కొన్నిసార్లు కోబాల్ట్ క్రోమ్‌వి వాడతారు, అవి ఇంకా బిరుసు. స్టెయిన్‌లెస్ స్టీలువి ఇప్పుడు తక్కువ. స్టీలులో, కోబాల్ట్ క్రోమ్‌లో నికెల్ ఉంటుంది, ఎంతో కొంత. మీకు గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వచ్చే ఒళ్లయితే ఆ సంగతి సర్జనుకు తప్పక చెప్పండి.

కేజ్ అంటే పాడైన డిస్కును తీసేసి ఆ ఖాళీలో పెట్టే చిన్న దిమ్మ. లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులో ఎముక ముక్కలు కూరుతారు. రెండు రకాలు ఎక్కువ. ఒకటి పీక్ అనే గట్టి ప్లాస్టిక్ జాతిది. దాని సాగుడు గుణం ఎముకకు దగ్గరగా ఉంటుంది, ఎక్స్‌రేలో కనబడదు. అందువల్ల లోపల ఎముక పెరుగుతున్నదీ లేనిదీ తేటగా చూడొచ్చు. కేజ్ ఎక్కడుందో తెలియడానికి చిన్న లోహపు చుక్కలు పెడతారు. రెండోది టైటానియంది. ఎముక దాన్ని పట్టుకుని పెరుగుతుంది, కానీ ఎక్స్‌రేలో అడ్డుగా కనిపిస్తుంది. ఇప్పుడు త్రీడీ ప్రింటింగులో స్పంజిలా రంధ్రాలుండే టైటానియం కేజ్‌లు వస్తున్నాయి, ధర ఎక్కువ. రెండు రకాలతోనూ బాగున్న వాళ్లను చూశాను. ఖరీదైనది వేయకపోతే అన్యాయం చేసినట్టు అనుకుని అప్పులు చేయకండి.

ఇక అసలు సరుకు, ఎముక. నరం మీద ఒత్తిడి తీయడానికి సర్జను వెనక నుంచి కొంత ఎముక తొలగిస్తారు. దాన్నే శుభ్రం చేసి చిన్న ముక్కలు చేసి మళ్లీ వాడతారు. చాలకపోతే తుంటి ఎముక నుంచి తీస్తారు, లేదా ఎముక బ్యాంకు నుంచి తెచ్చినదో, కాల్షియం ఫాస్ఫేటుతో చేసిన పొడో కలుపుతారు. తుంటి నుంచి తీస్తే అక్కడ కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, ముందే చెప్పమనండి. స్క్రూల గురించి గంటసేపు అడిగే మనం ఎముక ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది అడగం. అడగండి.

మూడో పని: లెక్క కాగితం మీద పెట్టించడం

అంచనా బిల్లులో "ఇంప్లాంట్లు" అని ఒకే అంకె వేసి ఇస్తారు. విడదీసి రాయించండి: ఎన్ని స్క్రూలు, ఎన్ని రాడ్లు, ఎన్ని కేజ్‌లు, ఏ లోహం, ఏ కంపెనీ, ఒక్కోదాని ఎమ్మార్పీ ఎంత. గుండె స్టెంట్లకు, మోకాలి కీళ్లకు 2017లో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. వెన్ను స్క్రూలకు అప్పుడు అలా కట్టలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి, వాటి ఎమ్మార్పీని ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదు. కానీ మొదటి ధర ఎంత పెట్టాలన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఒకే రకం స్క్రూకి రెండు చోట్ల రెండు ధరలు వింటారు. బేరమాడడానికి మొహమాటపడకండి. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని, అంతకే అమ్మాలని కాదు.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద, మనవాళ్ల నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీయే, చేయించుకునే వాళ్లు ఆసుపత్రిలోని మిత్ర డెస్కు దగ్గరికి ముందే వెళ్లండి. మీకు చెప్పిన ఆపరేషను ప్యాకేజీలో ఉందా, ఇంప్లాంట్లు అందులో కలిసే ఉన్నాయా అని అడగండి. "స్క్రూలకి విడిగా కట్టాలి" అని ఎవరైనా అంటే రశీదు ఇస్తారా అని అడగండి, 104కి ఫోను చేసి కనుక్కోండి. ప్రైవేటు బీమా ఉన్న వాళ్లు ఇంప్లాంట్ల మీద పరిమితి ఉందేమో పాలసీలో చదివించుకోండి.

నాలుగో పని: ఒళ్లు సిద్ధం చేసుకోవడం

ఎముక అతుక్కోవడాన్ని చెడగొట్టే వాటిలో మన చేతిలో ఉన్న పెద్దది పొగాకు. చుట్ట, బీడీ, సిగరెట్టు, ఖైనీ, గుట్కా, ఏదైనా ఒకటే. నికోటిన్ సన్నటి రక్తనాళాలను కుదించేస్తుంది, కొత్త ఎముకకు రక్తం అందదు. లంక పొగాకు పండే నేల మనది. మా తాతల కాలం నుంచి భోజనం కాగానే చుట్ట వెలిగించే అలవాటు. అయినా చెప్పక తప్పదు: ఆపరేషనుకు కనీసం నాలుగైదు వారాల ముందు మానండి, ఎముక అతికిందని డాక్టరు చెప్పేదాకా ముట్టుకోకండి. "నాలుగు రోజులు మానేశాడు కదా" అని ఇంట్లో వాళ్లు సర్దుకుపోవద్దు. దీనిలో మాత్రం మొండిగా ఉండండి.

షుగరు ఉంటే గత రెండు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. 8 పైన ఉంటే చాలామంది సర్జన్లు కొన్నాళ్లు ఆగమంటారు. ఆగండి. చీము పట్టిన స్క్రూను మళ్లీ తెరిచి కడిగే బాధ ముందు నెల రోజులు ఆగడం లెక్కలోది కాదు. పంటి చీము, మూత్రంలో మంట, కాలి వేళ్ల మధ్య ఒరుపులు కూడా ముందే నయం చేసుకోండి. వరి చేలో, చెరువులో తిరిగే వాళ్ల కాళ్ల ఒరుపుల గురించి సర్జను అడగకపోవచ్చు, మీరే చూపించండి.

నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకూ, అరవై దాటిన మగవాళ్లకూ ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కానూ, డీ విటమిన్ పరీక్షా అడగండి. డెక్సాలో టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే కిందకు గానీ వస్తే ఎముక గుల్లబారినట్టు. గుల్ల ఎముకలో స్క్రూ, పుచ్చిన తలుపు చట్రంలో మేకు లాంటిది. ముందే తెలిస్తే సర్జను ఎముక మందులు మొదలుపెట్టొచ్చు, లేదా స్క్రూ చుట్టూ ఎముక సిమెంటు ఎక్కించే ఏర్పాటు చేసుకోవచ్చు. మా అమ్మకి మొదటిసారి ఈ పరీక్ష ఎవరూ రాయలేదు, అడగాలని మాకు తెలియలేదు. రెండోసారి చేస్తే మైనస్ 3.1 వచ్చింది.

నొప్పికి ఇన్నేళ్లూ ఊళ్లో తీసుకున్న మాత్రలు, ఇంజెక్షన్లు దాచకుండా చెప్పండి. కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది ఎముకనూ పాడుచేస్తుంది, పుండునూ మాననివ్వదు. పేరు తెలియకపోతే ఖాళీ అట్టలు పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చేత రాయించుకోండి.

ఐదో పని: స్టిక్కర్లు చేతికి వచ్చేదాకా కదలకపోవడం

అన్నిటికంటే తేలిక పని ఇదే. మాకు మాత్రం దీని విలువ పదకొండు రోజుల తర్వాత తెలిసింది.

విడివిడిగా సీలు చేసి వచ్చే ఇంప్లాంటు డబ్బాలో అంటించుకునే స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి ఆసుపత్రి కేసు షీటుకి, ఒకటి బిల్లుకి, ఒకటి రోగికి. దాని మీద వస్తువు పేరు, సైజు, "రెఫ్" అని కంపెనీ వస్తువు నంబరు, "లాట్" అని ఏ విడతలో తయారైందో తెలిపే నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఇసుక గడియారం గుర్తు పక్కన ఉన్నదే గడువు. 2 అంకెను గీతతో కొట్టేసిన గుర్తు ఉంటే ఒక్కసారే వాడాలని. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, లైసెన్సు నంబరు కూడా ఉండాలి.

ఇక్కడో చిక్కుంది. కేజ్ ఎక్కువగా సీలు డబ్బాలో వస్తుంది గానీ, స్క్రూలు చాలా చోట్ల రకరకాల సైజులు నింపిన పెద్ద ట్రేలో వస్తాయి. ఆసుపత్రిలోనే ఆవిరి యంత్రంలో శుద్ధి చేసి, సరిపడినవి వాడి, మిగతావి కంపెనీ వాళ్లకు తిరిగిచ్చేస్తారు. అలాంటప్పుడు స్క్రూకో స్టిక్కరు ఉండకపోవచ్చు. "స్టిక్కర్లు రాలేదండీ" అనేది అబద్ధం కాకపోవచ్చు. అప్పుడు ఏమి వాడారో రాసిన యూసేజ్ షీటు, కంపెనీ ఇచ్చిన ఇన్‌వాయిసు ఉంటాయి. వాటి నకళ్లు అడగండి. రెఫ్, లాట్ నంబర్లు వాటిలో ఉంటాయి.

డిశ్చార్జి అయ్యే రోజు ఉదయం హడావిడిలో ఇవి దొరకవు. ఆపరేషను అయిన మర్నాడే వార్డు సిస్టరు గారికో, ఆపరేషను థియేటరు ఇన్‌ఛార్జికో మర్యాదగా చెప్పి ఉంచండి. "మేడమ్, ఇంప్లాంటు స్టిక్కర్లు ఒక సెట్టు మాకు కావాలండి, తర్వాత ఎంఆర్ఐకి అడుగుతారట" అంటే ఎవరూ కాదనరు. ఆ మాట నిజం కూడా. టైటానియం ఇంప్లాంట్లున్న చాలామందికి ఎంఆర్ఐ తీయొచ్చు, స్క్రూల చుట్టూ బొమ్మ కొంచెం మసకగా వస్తుందంతే. కానీ లోపల ఏముందో కాగితం చూపిస్తే స్కానింగు సెంటర్లో పని సులువు.

కాగితం పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో. వరద వస్తే ముందు చేతికందే చోట. ఫోటో తీసి హైదరాబాదులో ఉన్న అబ్బాయికీ, అమెరికాలో ఉన్న అమ్మాయికీ పంపండి.

ఇంప్లాంటు విరిగినా, వదులైనా, దాని వల్ల చీము పట్టినా, ఆ సంగతి కేంద్రానికి తెలియజేయడానికి 2015 నుంచి ఒక ఏర్పాటు ఉంది. ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. ఉచిత నంబరు 1800-180-3024. రోగులు కూడా చెప్పొచ్చు. లాట్ నంబరు చేతిలో ఉంటేనే ఆ ఫిర్యాదుకు బలం.

ఆరో పని: ఇంటికి తీసుకురావడం, ఇంట్లో మసలడం

విశాఖ నుంచో హైదరాబాదు నుంచో వస్తుంటే కారులో ముందు సీటు వెనక్కి వాల్చి కూర్చోబెట్టండి, గంటకోసారి దింపి నాలుగడుగులు నడిపించండి. రైలైతే కింద బెర్తు. ఊరి దగ్గరికొచ్చాక గోతుల రోడ్డులో ఆటో వెనక సీటు వద్దే వద్దు. ప్రయాణం తర్వాత ఒక పిక్క వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే నరం నొప్పి అని వదిలేయకండి. కాల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే చూపించాలి.

ఇంటికి రాకముందే రెండు మార్పులు చేయండి. నవారు మంచం తీసేసి గట్టి పరుపు, కూర్చుంటే మోకాలి ఎత్తు వచ్చే మంచం వేయండి. నేల మరుగుదొడ్డి మీద కమోడ్ కుర్చీ పెట్టండి. లేచేటప్పుడు నడుం మెలిపెట్టకూడదు: ముందు ఒళ్లంతా దుంగలా ఒక పక్కకు దొర్లి, కాళ్లు మంచం దింపి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి. ఆసుపత్రిలోనే నేర్పిస్తారు, ఇంట్లో వాళ్లు కూడా చూసి నేర్చుకోండి.

మొదటి ఆరు వారాలు మూడే మూడు నిషేధాలు: వంగడం, బరువెత్తడం, మెలితిరగడం. రెండు మూడు కిలోలు మించి ఎత్తొద్దు. నీళ్ల బిందె వద్దు, మనవణ్ణి ఎత్తుకోవడం వద్దు. ఆడవాళ్ల విషయంలో ఇది మాటల్లో ఉన్నంత తేలిక కాదు. కత్తిపీట ముందు కూర్చుని చేప కోయడం, వాకిట్లో వంగి ముగ్గేయడం, పొయ్యి కింద పుల్లలు ఎగదోయడం, అన్నీ నిషేధించిన పనులే. "నేను చేయగలను" అని ఆమె అంటుంది. మూడో వారానికి నొప్పి తగ్గుతుంది కాబట్టి నిజంగానే చేయగలదు. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. ఆ సమయానికి లోపల ఉన్నది బాదుల మీద నిలబడ్డ పచ్చి స్లాబు. ఆ రోజులన్నీ వంటిల్లు ఎవరు చూస్తారో ఆపరేషను తేదీ ఖాయం చేసే ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. వీలైతే సార్వా ఊడ్పులూ దాళ్వా కోతలూ లేని రోజుల్లో తేదీ పెట్టుకోండి.

నడక మాత్రం ఎంత చేస్తే అంత మంచిది. రోజూ కొంచెం పెంచుతూ, సిమెంటు రోడ్డు మీద, చల్లటి వేళ. కాలువ గట్టు మీద వద్దు, కాలు జారుతుంది. కుట్లు విప్పి పుండు పూర్తిగా ఆరేదాకా కాలువ స్నానం, గోదావరి స్నానం వద్దు. బెల్టు ఎన్నాళ్లు కట్టాలన్నది ఒక్కో సర్జనుది ఒక్కో పద్ధతి, మీ సర్జను చెప్పినట్టు చేయండి. నొప్పి మాత్రలు రాసినన్ని రోజులే వాడండి. డైక్లోఫినాక్ లాంటివి మందుల షాపులో కొని నెలల తరబడి మింగితే ఎముక అతకడం మందగించొచ్చు.

పుండు నుంచి నీరు గానీ చీము గానీ కారినా, చలి జ్వరం వచ్చినా, లేస్తే తలనొప్పి పడుకుంటే తగ్గుతున్నా, కాలు కొత్తగా బలహీనపడినా ఆపరేషను చేసిన చోటికే ఫోను చేయండి.

ఏడో పని: ఏడాది పాటు ఎక్స్‌రేలు మానకపోవడం

చాలామంది కుట్లు విప్పించుకుని ఇక వెళ్లరు. బస్సు ఖర్చు, ఒక రోజు కూలి పోతుందని. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే చూపించడం మామూలు పద్ధతి. స్క్రూ చుట్టూ నల్లటి అంచు కనిపిస్తే వదులవుతోందని అర్థం. నొప్పి రాకముందే అది బొమ్మలో కనబడొచ్చు. ఎముక అతకడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సందేహముంటే సీటీ స్కాను తీస్తారు.

కూర్చుని చేసే పనికి నెలన్నర, రెండు నెలల్లో వెళ్లేవారున్నారు. కొబ్బరి దింపు, వలుపు, ఊడ్పు, 25 కిలోల రొయ్యల మేత బస్తా, 75 కిలోల ధాన్యం బస్తా, ఇవి ఎక్స్‌రే చూసి సర్జను సరేననేదాకా వద్దు. ధాన్యం బస్తా మాట అయితే ఎప్పటికీ వద్దనే నా అభిప్రాయం. అతికిన చోట కదలిక ఉండదు కాబట్టి ఆ పనంతా దాని పై పూస మీద పడుతుంది. కొన్నేళ్లకు అక్కడా అరుగుదల రావచ్చు.

ప్రతిసారీ పాత ఫిల్ములన్నీ తీసుకెళ్లండి. డాక్టరు చూసేది ఒక్క బొమ్మ కాదు, నిరుటికీ ఇప్పటికీ తేడా. రెండో ఆపరేషను అయిన ఏడాదికి అమ్మ సీటీ స్కాను చూపిస్తూ ఆయన కేజ్ మధ్యలో తెల్లటి గీతను పెన్నుతో చూపించారు. అది పై పూస నుంచి కింద పూస దాకా తెగకుండా ఉంది. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ కమోడ్ కుర్చీ తీసి వసారాలో పెట్టించింది. పక్కింటి వాళ్ల మావయ్యగారికి వచ్చే నెల ఆపరేషను, ఆయనకి కావాలంది.